తెర నల్లబడితే

ల్యాప్‌టాప్ ఆన్ చేశారు. లోపల ఫ్యాను తిరుగుతోంది. చిన్న లైటు వెలిగింది. తెర మాత్రం నల్లగా వుంది. పొదుపు సంఘం లెక్కలన్నీ అందులోనే వున్నాయి. షాపులో అడిగితే "తెర పోయింది, కొత్తది వెయ్యాలి" అన్నారు. అది వేల రూపాయల మాట. డబ్బు ఇచ్చే ముందు ఒక పని చేసి చూడాలి.

గదిలో లైటు ఆర్పండి. టార్చిలైటు తెరకు దగ్గరగా, ఏటవాలుగా వెయ్యండి. అక్షరాలు మసకమసకగా కనపడుతున్నాయా? అయితే బొమ్మ బాగానే వుంది. వెనక వెలుగు లేదు, అంతే.

తోలుబొమ్మలాట చూసినవాళ్లకు ఇది తేలిగ్గా తెలుస్తుంది. తోలుబొమ్మ తనంతట తాను వెలగదు. తెర వెనక దీపం కావాలి. దీపం ఆరితే, బొమ్మ అక్కడే వున్నా మనకు కనపడదు. ల్యాప్‌టాప్ తెర కూడా అలాంటిదే. వెనకుండే ఈ దీపాన్నే బ్యాక్‌లైట్ అంటారు. (ఓఎల్ఇడి తెరలకు ఇది వుండదు. అవి సొంతంగా వెలుగుతాయి.)

దీపం ఎందుకు ఆరుతుంది? ముందు వెలుగు తగ్గించే మీట ఎవరైనా నొక్కారేమో చూడండి. పిల్లలున్న ఇంట్లో ఇది మామూలే! తర్వాత మూతను మెల్లగా ముందుకీ వెనక్కీ కదపండి. వెలుగు వచ్చి పోతోందా? మడతబందు దగ్గర వైరు నలిగి వుంటుంది. తెరకన్నా వైరు చవక.

వైరు బాగుంటే ఫ్యూజు చూడాలి. ఇది నువ్వుగింజంత వుంటుంది. మెకానిక్కు మీటరు పెట్టి చూస్తాడు. బ్యాటరీ తియ్యకుండా తెర వైరు లాగితే ఈ ఫ్యూజు కాలిపోవచ్చు. అందుకే ముందు బ్యాటరీ, ఆ తర్వాతే వైరు.

2010కి ముందు వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లలో దీపమంటే సన్నని ట్యూబు. దానికి కరెంటిచ్చే చిన్న పలక పేరు ఇన్వర్టర్. చాలాసార్లు పాడయ్యేది ఈ పలకే. దీన్నొక్కదాన్నే మార్చవచ్చు. కానీ ఇందులో వందల వోల్టులు పుడతాయి. ఆన్‌లో వుండగా ముట్టుకోకూడదు. ట్యూబులో పాదరసం వుంటుంది, పగలగొట్టకూడదు. ఆన్ చేయగానే తెర ఎర్రగా కనపడితే ట్యూబు ముసలిదైందని గుర్తు.

ఇప్పటి తెరల్లో అంచున ఎల్ఇడి దీపాల వరస వుంటుంది. అది పోతే మామూలుగా తెర మొత్తం మారుస్తారు. కొత్త తెర కొనేటప్పుడు పాతదాని వెనకున్న నంబరు రాసుకుని వెళ్లండి. వైరు తగిలించే చోట 30 పిన్నులా, 40 పిన్నులా అన్నది కూడా చూడాలి. అవి కలవకపోతే కొన్న తెర పనికిరాదు.