తెల్లపిట్టా... ఎర్రపిట్టా?

చలికాలంలో ఏ పాత మామిడితోటలోనో నిలబడితే, ఒక్కోసారి కొమ్మల మధ్య తెల్లటి రిబ్బను ముక్క ఎగిరినట్టు ఉంటుంది. అదే తోక పిగిలిపిట్ట. ఒళ్లు జానెడుంటే ఎక్కువ. తోకలోని రెండు ఈకలేమో 30 సెంటీమీటర్ల దాకా సాగుతాయి!

ఈ సోకు మగపిట్టకే. అదీ రెండో ఏడో, మూడో ఏడో గానీ రాదు. అప్పటిదాకా ఆడపిట్టలాగే ఇటుకరంగులో, పొట్టితోకతో తిరుగుతుంది. పెద్దయ్యాక కొన్ని మగవి నల్లటి తల మినహా పాలలా తెల్లబడతాయి, కొన్ని ఎర్రగానే ఉండిపోతాయి. చూసినవాళ్లు రెండు జాతులనుకోవడంలో వింతేముంది? మధ్యప్రదేశ్‌లో దీన్ని దూధ్‌రాజ్ అంటారు. వాళ్ల రాష్ట్రపక్షి ఇదే.

ఇక గూడు చూస్తే సిరిసిల్ల నేత గుర్తుకొస్తుంది. సన్నటి పుల్లలు, నారపోగులను సాలెగూటి దారాలతో బిగించి చిన్న గిన్నెలా అల్లుతుంది. గుడ్లు పొదగడంలో మగదీ వంతుకొస్తుంది. అప్పుడు ఆ తోకంతా గూడు బయట వేలాడుతుంటుంది, పాపం!

దీని చుట్టాలు ఆఫ్రికాలోనూ ఉన్నాయి. సెనెగల్ నుంచి ఉగాండా దాకా అడవుల్లో ఎర్రపొట్ట రకం కనిపిస్తుంది. ఎక్కడున్నా తిండి మాత్రం పురుగులే, ఎగురుతుండగానే పట్టేస్తాయి. చెట్లు పోతే ఏమవుతుందో సీషెల్స్‌లోని నల్లరకాన్ని అడగాలి. అడవులు నరికేయడంతో అది లా డీగ్ అనే ఒక్క దీవికే మిగిలింది. 2008లో కొన్నింటిని డెనిస్ దీవికి తరలించారు.

మన పిట్టకు అంత గండం రాలేదు. కానీ ముస్తాబాద్‌లోనైనా మరెక్కడైనా వాగు పక్క చెట్లు, పాత తోటలు కొట్టేస్తే అది వాలేదెక్కడ? ఈసారి తోటకు వెళ్లినప్పుడు పొట్టితోక ఎర్రపిట్టనూ పరికించి చూడండి. గొంతు నల్లగా ఉంటే కుర్ర మగపిట్ట కావచ్చు.