పరుగెత్తేవాణ్ణి ఆపేవాడు

జగిత్యాలలో గాని, కోరుట్లలో గాని, సిరిసిల్లలో గాని సాయంత్రంపూట బడి మైదానంలో కబడ్డీ జరుగుతుంటే గట్టు మీద నిలబడి వినండి. కేకలన్నీ కూతకు వెళ్ళినవాడి పేరు మీదనే వినిపిస్తాయి. ఇద్దరిని తాకి వచ్చాడు, ముగ్గురిని తాకి వచ్చాడు అంటూ మర్నాడు తరగతిలో కూడా అతని ముచ్చటే. అతని చీలమండను ఒడిసిపట్టి కదలకుండా చేసినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు. ఆపడం కూడా ఒక విద్యేనా అని మీకు అనిపించవచ్చు. విద్యే! పైగా మీ భౌతికశాస్త్రం పుస్తకంలోని రెండు మూడు పాఠాలు అందులో దాగి ఉన్నాయి.

ఆపడమే వృత్తిగా 15 ఏళ్ళు బతికిన ఒక మనిషి సంగతి చెబుతాను. ఆయన పేరు అలన్ పేజ్. ఆడిన ఆట అమెరికన్ ఫుట్‌బాల్.

మనం ఫుట్‌బాల్ అనే ఆటను అమెరికాలో సాకర్ అంటారు. వాళ్ళు ఫుట్‌బాల్ అనే ఆటలో పాదానికి పని తక్కువ, చేతులకు, భుజాలకు పని ఎక్కువ. బంతి రెండు కొసలా మొనదేలి ఉంటుంది. మైదానంలో జట్టుకు 11 మంది. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు, అంటే సుమారు 9 మీటర్లు ముందుకు సాగాలి. సాగితే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి. సాగకపోతే బంతి ఎదుటివారిపాలు. దాడి చేయడానికి ఒక 11 మంది, అడ్డుకోవడానికి మరో 11 మంది ప్రతి జట్టులోనూ వేరువేరుగా ఉంటారు. దాడిని నడిపేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. అతడు బంతిని అందుకొని దూరాన ఉన్న తనవాడికి విసురుతాడు. విసరకముందే అతణ్ణి పట్టి నేల మీద పడేస్తే దానిని శాక్ అంటారు. కూతకు వచ్చినవాణ్ణి గీత దాటనివ్వకుండా పట్టినట్టే ననుకోండి. కాకపోతే ఇక్కడ అతని ముందు కనీసం అయిదుగురు భారీ మనుషులు గోడ కట్టినట్టు నిలబడి ఉంటారు.

ఈ ఆటకు మన దేశంలో కూడా 2012లో ఒక లీగ్ మొదలైంది. హైదరాబాదు పేరుతో స్కైకింగ్స్ అనే జట్టు ఉండేది. ఆ లీగ్ నిలదొక్కుకోలేదు. కబడ్డీ ఉన్న ఊళ్ళో ఇంకో పట్టుకునే ఆట ఎందుకనుకున్నారో ఏమో!

పేజ్ 1945 ఆగస్టు 7న ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ పట్టణంలో పుట్టాడు. ఫుట్‌బాల్ మహా ఆటగాళ్ళ పేరున కట్టిన హాల్ ఆఫ్ ఫేమ్ ఆ ఊళ్ళోనే ఉంది. దానిని కట్టేటప్పుడు హైస్కూలు కుర్రవాడైన పేజ్ అక్కడ కూలిపనికి వెళ్ళాడు. తర్వాత నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో చదువుతూ ఆడి, 1967లో మినసోటా వైకింగ్స్ జట్టులో చేరాడు. గోడ కట్టినవాళ్ళకు సరిగ్గా ఎదురుగా, నడిమధ్యన నిలబడే రక్షకుడి స్థానం ఆయనది.

ఆ స్థానంలో నిలబడేవాళ్ళు సాధారణంగా కొండల్లా ఉండేవారు. పేజ్ వాళ్ళంత బరువుండేవాడు కాదు. మరి ఆయన బలమెక్కడుంది? మొదటి అడుగులో ఉంది. బంతి కదలగానే ఎదుటివాడు భుజం పైకెత్తేలోపు పేజ్ పక్క సందులోంచి లోపలికి దూరిపోయేవాడు.

ఇక్కడ ఒక చిన్న ప్రయోగం చేయండి. మీ స్నేహితుడు 30 సెంటీమీటర్ల స్కేలును పై కొసన పట్టుకుని నిలువుగా వేలాడదీయాలి. సున్నా గీత దగ్గర మీ బొటనవేలు, చూపుడువేలు తాకీ తాకనట్టు ఉంచండి. చెప్పకుండా అతడు స్కేలు వదలగానే పట్టుకోండి. 20 సెం.మీ. గీత దగ్గర పట్టుకున్నారా? మీకు సెకనులో అయిదో వంతు పట్టిందన్నమాట. 15 దగ్గర పట్టుకుంటే సెకనుకు వెయ్యి వంతులు చేసి అందులో 175 వంతులు. కన్ను చూడడం, మెదడుకు తెలియడం, అక్కడినుంచి కండరానికి ఆజ్ఞ రావడం అంతా ఈ కాస్త కాలంలోనే జరగాలి. మైదానంలో గెలుపోటములు ఇటువంటి చిల్లర కాలంలోనే తేలిపోతాయి.

చేరడం అయింది, ఇక ఆపాలి. 90 కిలోల మనిషి సెకనుకు 6 మీటర్ల వేగంతో వస్తున్నాడనుకోండి. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే 540. ఇది అతని ద్రవ్యవేగం. దీన్ని సున్నా చేయాలి. సెకనులో 10 వంతులకు 3 వంతుల కాలంలో ఆపితే 1800 న్యూటన్ల బలం కావాలి. ఒకే ఒక్క వంతులో ఆపితే 5400 న్యూటన్లు. మొదటిది సుమారు మూడున్నర బియ్యం బస్తాల బరువు, రెండవది సుమారు 11 బస్తాలు! బస్తా అంటే 50 కిలోలదే లెక్క. ఆగింది అదే మనిషి, అదే వేగం. ఆపిన కాలం తగ్గేసరికి బలం మూడింతలైంది.

సిరిసిల్ల పిల్లలకు ఇది నేను చెప్పాలా? సాంచాలు నడిచే ఇంట్లో నాడెను చూడండి. ఆ కొస నుంచి ఈ కొసకు ఎగిరి వచ్చే నాడెను వట్టి ఇనుముతో ఆపరు. మెల్లగా లొంగే తోలు పట్టీని అడ్డు పెడతారు. ఆగడానికి కొంచెం ఎక్కువ కాలం, కొంచెం ఎక్కువ దూరం దొరుకుతుంది. తోలు అరిగిపోతే నాడె టక్కున కొట్టుకుని వెనక్కి ఎగురుతుంది, పోగు తెగుతుంది. మంచి రక్షకుడు కూడా మోకాళ్ళు వంచి, నడుము దించి, ఎదుటివాణ్ణి చుట్టుకుని కొన్ని అడుగులు అతనితోపాటే సాగి ఆపుతాడు. నడుము దించితే గరిమనాభి కిందికి వస్తుంది, తాను పడిపోడు. మన కబడ్డీలో తొడపట్టు, చీలమండపట్టు పట్టేవాళ్ళు కిందికి వంగేది కూడా ఇందుకే.

1971లో ఆ లీగ్ మొత్తానికీ అత్యంత విలువైన ఆటగాడుగా అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ పేజ్‌ను ఎంపిక చేసింది. అంతకుముందు ఆ గౌరవం ఏ రక్షకుడికీ దక్కలేదు. ఆ తర్వాత కూడా 1986లో లారెన్స్ టేలర్‌కు తప్ప మరే రక్షకుడికీ దక్కలేదు. పేజ్ పట్టిన శాక్‌లు 148న్నర. అర ఏమిటంటారా? ఇద్దరు కలిసి పట్టితే చెరి సగం రాస్తారు. అప్పట్లో ఈ లెక్క అధికారికంగా రాసేవారు కాదు. తర్వాతివాళ్ళు పాత రికార్డులు తిరగేసి తేల్చిన సంఖ్య ఇది. వరుసగా 218 లీగ్ ఆటలు ఒక్కటీ మానకుండా ఆడాడు. ఆయన జట్టు నాలుగుసార్లు సూపర్ బౌల్ దాకా వెళ్ళి నాలుగుసార్లూ ఓడిపోయింది.

ఆయన భార్య డయాన్ సిగరెట్లు మానడానికి పరుగు అలవాటు చేసుకున్నారు. ఆమెతోపాటు పేజ్ కూడా పరుగు మొదలుపెట్టాడు. సుమారు 111 కిలోలుండేవాడు 100 కిలోలకు దగ్గరగా చిక్కాడు. ఈ బరువుతో పనికిరాడని 1978లో వైకింగ్స్ ఆయన్ని వదిలేసింది. షికాగో బేర్స్ తీసుకుంది. అక్కడ 1981 దాకా ఆడాడు. 1979లో మారథాన్, అంటే 42 కిలోమీటర్ల పైచిలుకు పరుగు పూర్తిచేశాడు. ఆ లీగ్‌లో ఇంకా ఆడుతూ ఉండగానే మారథాన్ పూర్తిచేసిన మొదటివాడు ఆయనే.

ఇంతవరకు ఆపే బలం సంగతి. న్యూటన్ మూడవ నియమం మరిచారా? మీరు ఎదుటివాడి మీద ఎంత బలం వేస్తే అంతే బలం మీ మీదికి తిరిగి వస్తుంది. పేజ్ ఎడమ చేతి చిటికెన వేలు పలుమార్లు కీలు తప్పి చివరికి లంబకోణంలో పక్కకు తిరిగి అలాగే ఉండిపోయింది. వేలు వంకరపోతే కంటికి కనిపిస్తుంది. తలకు తగిలింది కనిపించదు.

జగిత్యాల మామిడి తోటల్లోకి రండి. కాయను చిక్కంతో తెంపితే బాగుంటుంది. చెట్టు మీదినుంచి రాలినదాన్ని చూడండి, తోలు మీద గీత కూడా ఉండదు. మూడు రోజులు గడ్డిలో మాగవేసి కోస్తే లోపల నల్లగా మెత్తబడి ఉంటుంది. అందుకే రాలిన కాయకు మార్కెట్లో ధర పలకదు. తల కూడా ఇంతే. పుర్రె గట్టిది. లోపల సుమారు 1,400 గ్రాముల మెదడు మస్తిష్కమేరు ద్రవంలో తేలుతూ ఉంటుంది. తల టక్కున ఆగినా, గిర్రున తిరిగినా జడత్వం వల్ల మెదడు ఆగక ముందుకు జరుగుతుంది, సాగుతుంది, మెలిపడుతుంది. సన్నని నాడీ తంతువులు ఆ లాగుడుకు దెబ్బతింటాయి. దీనిని కంకషన్ అంటారు. మెదడు అదరడం అనుకోండి. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది, దెబ్బను కొంత తగ్గిస్తుంది. లోపలి కదలికను పూర్తిగా ఆపలేదు.

2002లో పిట్స్‌బర్గ్‌లో మైక్ వెబ్‌స్టర్ అనే మాజీ ఆటగాడు 50 ఏళ్ళకే మరణించాడు. నైజీరియాలో పుట్టిన వైద్యుడు బెన్నెట్ ఒమలు ఆయన మెదడును సూక్ష్మదర్శినిలో పరీక్షించి, టౌ అనే ప్రోటీను అక్కడక్కడ పేరుకుపోయి ఉండడం చూశాడు. 2005లో దాన్ని వైద్యపత్రికలో ప్రకటించాడు. ఏళ్ళ తరబడి తగిలిన దెబ్బలు ఇలా పేరుకుంటాయని తెలిసి అమెరికాలో పెద్ద దుమారం లేచింది. లీగ్‌వారు మొదట్లో ఒప్పుకోలేదు. చివరికి 2009లో, కంకషన్ లక్షణాలు కనిపించిన ఆటగాడు ఆ రోజు మళ్ళీ ఆడరాదని నియమం పెట్టారు.

అంతకన్నా మీకు దగ్గరి కథ ఇంకొకటి. 2006లో వాషింగ్టన్ రాష్ట్రంలో 13 ఏళ్ళ జాకరీ లిస్టెట్ బడి ఆటలో ఎదుటివాణ్ణి ఆపబోయి తల నేలకు కొట్టుకున్నాడు. కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ ఆడించారు. ఆట ముగియగానే కుప్పకూలాడు. మెదడులో రక్తం చిమ్మింది. ప్రాణం దక్కింది గాని మాట రావడానికి నెలలు, నిలబడడానికి ఏళ్ళు పట్టింది. అతని పేరుమీదనే 2009లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. తలకు దెబ్బ తగిలిందని అనుమానం వచ్చిన పిల్లవాణ్ణి వెంటనే బయటికి తీయాలి, వైద్యుడు కాగితం మీద రాసి ఇచ్చేదాకా ఆడించరాదు. 2014 నాటికి అమెరికాలోని 50 రాష్ట్రాలూ ఇలాంటి చట్టాలు చేశాయి.

మన మైదానాల్లో ఏం జరుగుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. తల తగిలి పడ్డవాడి మొహాన నీళ్ళు చల్లి, "ఏం కాలేదు, లే" అని వీపు తట్టి లోపలికి పంపుతారు. వాడు కూడా పిరికివాడంటారని లేచి నిలబడతాడు. అదరిన మెదడు కోలుకోకముందే ఇంకో దెబ్బ తగిలితే చాలా ప్రమాదం. కాబట్టి ఈ గుర్తులు తెలుసుకోండి: తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం, వెలుతురు చూడలేకపోవడం, అడిగినదానికి ఆలస్యంగా బదులు చెప్పడం, దెబ్బకు ముందు స్కోరెంతో గుర్తులేకపోవడం. స్పృహ తప్పకపోయినా కంకషన్ కావచ్చు. వీటిలో ఏది కనిపించినా ఆ రోజుకు ఆట బంద్. మళ్ళీ మళ్ళీ వాంతులు, పెరిగే తలనొప్పి, ఒక కనుపాప పెద్దదవడం, మూర్ఛ, లేపినా లేవకపోవడం ఉంటే నిమిషం ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి. జగిత్యాలలోనూ సిరిసిల్లలోనూ కోరుట్లలోనూ ప్రభుత్వాసుపత్రులున్నాయి. మీ స్నేహితుడు దాచిపెడితే మీరు పి.ఇ.టి. సారుకు చెప్పండి. దాన్ని చాడీ అనరు.

ఇక పేజ్ సంగతి. ఆట రోజుల్లోనే ఆయన ఒకసారి లా కాలేజీలో చేరి మూడు వారాలకే మానేశాడు. తర్వాత ఆడుతూనే మళ్ళీ చేరి 1978లో మినసోటా విశ్వవిద్యాలయం నుంచి న్యాయశాస్త్ర పట్టా తీసుకున్నాడు. 1988లో, తాను కూలిపని చేసిన ఆ హాల్ ఆఫ్ ఫేమ్‌లోనే ఆయన పేరు చేరింది. ఆనాడు తనను సభకు పరిచయం చేయడానికి ఒక హైస్కూలు ప్రిన్సిపాల్‌ను పిలిచాడు. (మాబోటివాళ్ళకు ఇది చదివినప్పుడు కలిగే సంతోషం వేరు!) అదే ఏడాది డయాన్‌తో కలిసి ఒక విద్యానిధి స్థాపించాడు. దాని నుంచి స్కాలర్‌షిప్ తీసుకునే విద్యార్థి తనకన్నా చిన్న పిల్లలకు పాఠం చెప్పాలి. 1992లో మినసోటా రాష్ట్ర సుప్రీంకోర్టుకు ఎన్నికై, ఆ కోర్టులో మొదటి నల్లజాతి న్యాయమూర్తి అయ్యాడు. 70 ఏళ్ళు నిండిన 2015 దాకా పనిచేశాడు. 2018లో అమెరికా ప్రభుత్వం ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ఇచ్చింది.

బడులకు వెళ్ళినప్పుడు పిల్లలు కోర్టు గురించో, శాక్‌ల గురించో కాక ఆ చిటికెన వేలి గురించే అడిగేవారట. దాంతో టీచరుగా పనిచేసే తన కూతురు కేమీతో కలిసి 2013లో ఆ వంకర వేలి మీద పిల్లల కోసం బొమ్మల పుస్తకం ఒకటి రాశాడు.