పరాయి ఊళ్లో పుట్టిల్లు లాంటి గుడి

2023 సెప్టెంబరులో మా చెల్లెలి రెండో కాన్పుకని అమెరికాలో పిట్స్‌బర్గ్ వెళ్లాను. కొండపల్లి నుంచి హైదరాబాదు వెళ్లడమే గొప్పనుకునే దాన్ని! తీరా వీసా ఆలస్యమై, నేను వెళ్లేసరికే బిడ్డకు పన్నెండో రోజు. మాకు అమ్మ లేదు. దాని అత్తగారు మంచం దిగలేని మనిషి. బాలింతకు ఇన్నాళ్లూ పథ్యం ఎవరు వండిపెట్టారోనని దారి పొడుగునా ఒకటే దిగులు.

ఇంట్లో అడుగుపెట్టి చూద్దును కదా, ఫ్రిజ్ నిండా గిన్నెలే! "గుళ్లో పరిచయమైన వాళ్లు వంతులేసుకుని తెచ్చిపెట్టారక్కా" అంది.

పిట్స్‌బర్గ్ దగ్గర పెన్‌హిల్స్‌లో కొండ మీద వెంకటేశ్వరస్వామి గుడి ఉంది. తిరుమల తిరుపతి దేవస్థానం సాయంతో 1970లలో కట్టారు. అక్కడి పులిహోర, దద్దోజనం తింటే మన ఊరు గుర్తొస్తుంది. పక్క ఊరు మన్రోవిల్‌లో హిందూ జైన దేవాలయం. రాముడు, కృష్ణుడు, జైన తీర్థంకరులు ఒకే కప్పు కింద కొలువున్నారు. అమెరికాలో జైన మందిరాలు పూజతోనే సరిపెట్టవు. ఆదివారం పిల్లలకు 'పాఠశాల' పెడతారు, పండక్కి అందరూ కలిసి భోంచేస్తారు. మన వాళ్లకూ, గుజరాతీ వాళ్లకూ స్నేహాలు కుదిరేది ఇలాంటి చోటే.

అలా పరిచయమైన ఒక గుజరాతీ జైనావిడ నేను వెళ్లాక కూడా వచ్చేది. మనం బాలింతకు వెల్లుల్లి కారం పెడతాం. వాళ్లు ఉల్లి, వెల్లుల్లి, దుంపలు ముట్టరు. పచ్చి అల్లం కూడా తినరు గానీ, ఎండబెట్టిన శొంఠికి అభ్యంతరం లేదు. శొంఠి, తుమ్మబంక, నెయ్యి, బెల్లం వేసి ఆవిడ చేసిన బిళ్లలు మన కాయానికి అప్పచెల్లెళ్లే! అప్పుడే వాళ్ల పర్యూషణ పండగ వచ్చింది. ఆవిడ ఉపవాసం ఉంటూనే మా చెల్లెలికి వండి తెచ్చింది. పండగ చివరి రోజు వచ్చి, "తెలిసో తెలియకో నొప్పిస్తే క్షమించండి" అంటూ చేతులు జోడించింది. అది వాళ్ల ఆచారమట. ఇంత చేసిన మనిషి మమ్మల్ని క్షమించమనడమా! నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో పనికని ఉత్తరాది నుంచి వచ్చిన ఒక కుటుంబం అంతకు ముందు ఏడాది మా వీధిలోనే అద్దెకు దిగింది. ఆ పిల్లకు కాన్పయితే, భాష రాదని వంక పెట్టుకుని నేను గుమ్మం కూడా తొక్కలేదు.

తిరిగొచ్చిన వారానికే కమ్మగా పెసరకట్టు కాచి, ఇంగువ పోపు పెట్టి పట్టుకెళ్లాను. ఆ పిల్ల అన్నదాంట్లో నాకు సగమే అర్థమైంది. గిన్నె మాత్రం ఖాళీగా ఇవ్వలేదు, నాలుగు లడ్డూలు పెట్టి ఇచ్చింది.

జైనులు భోజనానికొస్తే ఏం పెట్టాలా అని కంగారు పడకండి. ఉల్లి, వెల్లుల్లి, అల్లం, దుంపలు మానేసి అరటికాయ వేపుడు, సొరకాయ పప్పు చేయండి. పొద్దుగూకాక చాలామంది తినరు కాబట్టి వెలుగుండగానే వడ్డించండి.

అంతదూరంలో గుడి చేసే పని మన వీధిలో మనమూ చేయొచ్చు. కావలసింది ఒక గిన్నె, కాస్త చొరవ. ఏమంటారు వదినా?