సీటు కుట్టే షాపు పెడుతున్నారా? కుట్టడం వస్తే సరిపోదు.. ఎక్కడ కుట్టకూడదో కూడా తెలియాలి!

కొత్త కారు కొన్నాక మనవాళ్లు చేసే మొదటి పని గుడి ముందు పూజ. రెండోది సీటు కవర్లు. షోరూంలో ఇచ్చిన బట్ట సీటు మాసిపోతుందనో, రెక్సిన్ అయితే రిచ్‌గా ఉంటుందనో వారం తిరక్కుండానే కుషన్ షాపుకి తీసుకెళ్లిపోతారు. విజయవాడ ఆటోనగర్ నుంచి హైదరాబాద్, విశాఖ దాకా ఇలాంటి చిన్న షాపులు ఎన్నో. బోర్డు మీద ‘కుషన్ వర్క్స్’ అనో, ‘సీట్ అండ్ టాప్ వర్క్స్’ అనో ఉంటుంది. లోపల రెండు మిషన్లు, గోడకి రెక్సిన్ రోల్స్, మూలన స్పాంజ్ షీట్లు. బయటి నుంచి చూస్తే టైలర్ షాపుకి అన్నయ్యలా కనిపిస్తుంది.

కానీ టైలర్ కుట్టు తప్పితే చొక్కా బిగుతవుతుంది, అంతే. ఇక్కడ కుట్టు తప్పితే ప్రాణం మీదకి రావచ్చు. అదెలాగో, అసలు ఈ షాపు లెక్కలు ఎలా ఉంటాయో, కారు సీటు కుట్టే చేత్తోనే బోటు సీటు కుడితే ఎందుకు పాడవుతుందో చూద్దాం.

సీటు పక్కన ఆ చిన్న ట్యాగ్ చూశారా?

కారులో 6 ఎయిర్‌బ్యాగులు ఉన్నాయంటే ఎక్కడెక్కడ ఉంటాయి? స్టీరింగ్‌లో ఒకటి, డ్యాష్‌బోర్డులో ఒకటి. ఇవి అందరికీ తెలిసినవే. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జులై 1 నుంచి తప్పనిసరి అయ్యింది. పక్క సీటుది కొత్త మోడళ్లకు 2021 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి చేశారు. మిగతా నాలుగింటిలో రెండు కర్టెన్ ఎయిర్‌బ్యాగులు, కిటికీల పైన రూఫ్ అంచులో ఉంటాయి. చివరి రెండే సైడ్ ఎయిర్‌బ్యాగులు. చాలా కార్లలో ఇవి ముందు సీట్ల వీపు భాగంలో, డోర్ వైపు అంచులో మడిచి ఉంటాయి. అంటే సరిగ్గా మన కుషన్ మేస్త్రి చెయ్యి పడే చోటే.

పక్క నుంచి ఏదైనా బండి గుద్దితే సైడ్ బ్యాగ్ కన్ను మూసి తెరిచేలోపే విచ్చుకోవాలి. డోర్‌కీ మనిషికీ మధ్య ఉండేది జానెడు ఖాళీ. అందుకే కంపెనీ సీటులో ఆ అంచు కుట్టుని కావాలనే చిరిగిపోయేలా పెడతారు. దాని మీద మనం మందపాటి రెక్సిన్ కవర్ తొడిగి, గట్టి దారంతో చుట్టూ మూసేశాం అనుకోండి.. బ్యాగ్ ఆలస్యంగా రావచ్చు, పక్కదారి పట్టవచ్చు, రాకనే పోవచ్చు. ‘ఊడకూడదు అన్నా, గట్టిగా కుట్టు’ అని కస్టమర్ చెప్పిన మాటే అక్కడ పనికిరాదు.

పని తెలిసిన షాపుల్లో రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకటి, కవర్‌లో ఆ భాగాన్ని పూర్తిగా తెరిచి వదిలేయడం. రెండోది, ఆ అంచు వరకు ఒత్తిడికి తెగిపోయే ప్రత్యేకమైన దారం వాడటం. రెండో పద్ధతి పేపర్ మీద బాగుంటుంది కానీ, ఏ దారం ఎంత బలానికి తెగుతుందో పరీక్షించి తయారు చేసే కంపెనీలకే అది కుదురుతుంది. చిన్న షాపుకి మొదటిదే క్షేమం. చూడ్డానికి కాస్త వెలితిగా ఉన్నా సరే. సీటు పక్కన ‘ఎస్‌ఆర్‌ఎస్ ఎయిర్‌బ్యాగ్’ అని చిన్న ట్యాగ్ కనిపిస్తే చాలు.. అక్కడ కత్తెర, సూది, జిగురు ఏదీ పోకూడదు.

సీటు విప్పేటప్పుడు ఇంకో సంగతి. కింద పసుపు రంగు కనెక్టర్ ఉంటే అది సాధారణంగా ఎయిర్‌బ్యాగ్ వైరు. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా దాన్ని పీకేస్తే డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలిగి కూర్చుంటుంది. ఆ లైటు వెలుగుతోందంటే ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థలో లోపం ఉన్నట్టే. బ్యాటరీ నెగెటివ్ తీసేసి, ఆ కారు మాన్యువల్‌లో చెప్పినంత సేపు ఆగి అప్పుడు పని మొదలుపెట్టాలి. పక్క సీటు కుషన్ లోపల మనిషి కూర్చున్నాడో లేదో చెప్పే సెన్సర్ కూడా ఉంటుంది. స్పాంజ్ మార్చే తొందరలో దాన్ని మడిచేసిన కేసులకు లోటు లేదు.

హ్యుందాయ్ 2023 అక్టోబర్‌లోనే తన కార్లన్నింటిలో 6 ఎయిర్‌బ్యాగులు స్టాండర్డ్‌గా ఇస్తామని ప్రకటించింది. అంటే ఇది పెద్ద కార్ల గొడవ కాదు, వీధి చివర షాపుకి రోజూ వచ్చే చిన్న కార్ల సంగతి. వెంటిలేటెడ్ సీట్లున్న కార్లకు మామూలు రెక్సిన్ తొడిగితే, సీటులోంచి చల్లగాలి కోసం కస్టమర్ కట్టిన డబ్బంతా కవర్ కింద ఉండిపోతుంది. ఇలాంటప్పుడు ‘వద్దు సార్, వేయించుకోకండి’ అని చెప్పగలిగే షాపుకే మళ్లీ మళ్లీ పని వస్తుంది.

మరి డబ్బులు ఎక్కడ వస్తాయి?

రెడీమేడ్ కవర్లతో పోటీ పడి బతకాలనుకుంటే కష్టమే. ఆన్‌లైన్‌లో వచ్చే సెట్ ధరకి ఇక్కడ మెటీరియల్ కూడా రాదు. చిన్న షాపుని నిలబెట్టేది రిపేర్లు. రోజూ ఎక్కిదిగే డ్రైవర్ సీటు అంచు చిరగడం, స్పాంజ్ కుంగిపోవడం, బైక్ సీట్లు, ఆటో టాపులు, ట్రాక్టర్ సీట్లు, ట్రావెల్స్ బస్సులు. వేసవిలో రూఫ్ లైనింగ్ ఊడి నెత్తిన వేలాడే పాత కార్లు ఎలాగూ ఉంటాయి. వీటికి ఆన్‌లైన్‌లో జవాబు దొరకదు.

కానీ ఎక్కువ మంది దెబ్బతినేది రేటు చెప్పే దగ్గర. ఊరికే లెక్క కోసం ఒక షాపు అనుకుందాం. నెలకి అద్దె 12 వేలు, కరెంటు 3 వేలు, మిషన్ లోన్ కిస్తీ 5 వేలు, హెల్పర్ జీతం 15 వేలు, ఓనర్ తన ఇంటికి తీసుకెళ్లాల్సింది 25 వేలు. మొత్తం 60 వేలు. రోజుకి 8 గంటలు, నెలకి 25 రోజులు అంటే 200 గంటలు. గంటకి 300 వస్తే చాలనిపిస్తుంది కదా?

ఇక్కడే మోసం. ఆ 200 గంటల్లో పాత కవర్ చూసి రేటు మాట్లాడటం, రెక్సిన్ కోసం మార్కెట్‌కి పోవడం, కరెంటు పోవడం, ‘ఐదు నిమిషాల పనే అన్నా’ అంటూ వచ్చినవాళ్లకి ఊరికే చేసిపెట్టడం అన్నీ ఉంటాయి. బిల్లు వేయగలిగే గంటలు 120 తేలాయనుకోండి. అప్పుడు గంటకి 500 రావాలి. 6 గంటలు పట్టే పనికి 300 లెక్కన 1,800 కూలి చెప్పిన ఓనర్, నిజానికి 3,000 చెప్పాలి. తేడా 1,200. రోజంతా మిషన్ ఆగకుండా తిరిగినా నెలాఖరుకి చేతిలో ఏమీ మిగలట్లేదంటే కారణం చాలాసార్లు ఇదే. పని తక్కువై కాదు.

మెటీరియల్‌లోనూ అంతే. రెక్సిన్ రోల్ వెడల్పు మామూలుగా 54 అంగుళాలు. ముక్కలు ఎలా పరిచి కోశారన్న దాని మీదే ఎంత చెత్తబుట్టలోకి పోతుందో తేలుతుంది. ఒకసారి ఒక మోడల్ కారుకి కోసిన పేపర్ ప్యాటర్న్‌ని పారేయకుండా పేరు రాసి దాచుకుంటే, రెండో కారుకి సగం టైం మిగులుతుంది. సీనియర్ మేస్త్రిల దగ్గర అసలు ఆస్తి మిషన్ కాదు, ఆ పాత అట్టముక్కల కట్టే.

మిషన్ అంటే గుర్తొచ్చింది. బట్టలు కుట్టే మామూలు మిషన్ కింద పొరని మాత్రమే లాగుతుంది. రెక్సిన్, స్పాంజ్, లైనింగ్ కలిపి పెడితే పై పొర జారిపోయి కుట్టు వంకర పోతుంది. అందుకే వాకింగ్ ఫుట్ మిషన్ కావాలి. అందులో పై పాదం కూడా అడుగులు వేస్తూ పొరలన్నింటినీ కలిపి నడిపిస్తుంది. సూది 18 నుంచి 22 నంబర్ వరకు. అంగుళానికి 5, 6 కుట్లు చాలు. బలం కోసమని దగ్గర దగ్గరగా కుడితే రెక్సిన్‌కి వరసగా చిల్లులు పడి, పోస్టల్ స్టాంపులా అక్కడే చిరుగుతుంది.

బోటు సీటు వేరే లోకం

ఇప్పుడు నీళ్ల దగ్గరికి వెళ్దాం. కోస్తాలో షాపు ఉంది కాబట్టి చేపల బోట్ల పని బోలెడు వస్తుందనుకోవద్దు. వాటికి కుషన్లతో పనేంటి? టార్పాలిన్ కుట్టడం, స్టీరింగ్ గదిలో పరుపు, అంతకు మించి ఉండదు. అదీ ఎక్కువగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే 61 రోజుల వేట నిషేధంలో, బోట్లు రిపేర్లకు ఒడ్డున ఉన్నప్పుడు. అసలు కుషన్ పని టూరిజం బోట్లది. విజయవాడ భవానీ ద్వీపం, పాపికొండలు, విశాఖ రుషికొండ, హైదరాబాద్ హుస్సేన్ సాగర్.. ఇలా జనం కూర్చుని తిరిగే బోట్లు. వరదల టైంలో గోదావరి మీద బోట్లు ఆగిపోతాయి. కార్తీక మాసం వచ్చేసరికి రద్దీ. ఆ మధ్యలోనే సీట్లు రెడీ కావాలి.

కారు సీటుకి వాడిన సామానే బోటుకి వాడితే ఏమవుతుంది? ఒకటి రెండు వేసవులు గడిచేసరికి సీటు పైకి కొత్తగానే కనిపిస్తుంది, కుట్లు మాత్రం చేత్తో లాగితే ఊడొస్తాయి. కారణం దారం. కారు లోపల బాండెడ్ నైలాన్ దారం బ్రహ్మాండంగా పని చేస్తుంది. రోజంతా ఎండ తగిలే చోట మాత్రం అతినీలలోహిత కిరణాలకి బలం పోగొట్టుకుంటుంది. బోటుకి ఎండ తట్టుకునే బాండెడ్ పాలిస్టర్ దారం కావాలి. ధర తేడా రీలు మీద కొద్దిగానే. పని మళ్లీ విప్పి కుట్టాల్సి వస్తే మాత్రం కూలి మొత్తం మన నెత్తినే.

స్పాంజ్ కథ ఇంకా ఘోరం. మామూలు ఫోమ్ నీళ్లు తాగి అలాగే ఉంచుకుంటుంది. పైన నీళ్లు పోకుండా గట్టిగా కుట్టాం కదా అనుకుంటారు. కానీ కుట్టు చిల్లుల్లోంచి నీళ్లు లోపలికి పోతాయి, బయటికి రావడానికే దారి ఉండదు. తర్వాత బూజు, వాసన. అందుకే నీళ్లు జారిపోయేలా పెద్ద రంధ్రాలుండే డ్రై ఫాస్ట్ ఫోమ్ వాడతారు. అది ఖరీదే. కస్టమర్ అంత పెట్టలేనంటే కనీసం కుషన్ అడుగున రెక్సిన్ బదులు మెష్ బట్ట వేసి, కింద చెక్కకి చిల్లులు పెట్టాలి. నీళ్లని ఆపడం కంటే బయటికి పోనివ్వడమే ఇక్కడ పని.

చెక్క అయితే ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లై. పిన్నులు 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్. మామూలు ఇనుప పిన్ను కొడితే ఉప్పుగాలికి తుప్పు పట్టి తెల్ల రెక్సిన్ మీద ఎర్రటి మరకలు కారతాయి. జిప్పులు ప్లాస్టిక్‌వి. అంచు పైపింగ్ లోపల నూలు తాడు వేశారంటే అది దీపం వత్తిలా నీళ్లు పీల్చి కుషన్ అంతా పాకిస్తుంది, కాబట్టి అదీ ప్లాస్టిక్‌దే.

ఇక అసలైన విషయం. చాలా టూరిజం బోట్లలో లైఫ్ జాకెట్లు ఉండేది బెంచీ సీటు కింద పెట్టెలో. సీటు కదలకూడదని మూతని స్క్రూలతో బిగించేయడం, కుషన్ అంచు మూత మీద నుంచి వేలాడేలా కుట్టడం.. చూడ్డానికి నీట్‌గానే ఉంటుంది. ఆపద వచ్చినప్పుడు ఆ మూత ఒక్క చేత్తో లేవాలి. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర జరిగిన ప్రమాదం గోదావరి జిల్లాల్లో ఎవరూ మర్చిపోలేదు. బోటు యజమాని అడగకపోయినా, మూత పైకి లేపడానికి పట్టీ కుట్టివ్వడం షాపు బాధ్యతే అనుకోవాలి. పట్టీకి అయ్యేది జానెడు బెల్టు ముక్క.

నిప్పు, అప్పు.. రెండూ జాగ్రత్త

షాపులో ఉండేవన్నీ మండేవే. స్పాంజ్ అంటుకుంటే నిమిషాల్లో నల్లటి పొగ. అందులో కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సయనైడ్ కూడా ఉంటుంది. జిగురు ఆవిరి నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది. జిగురు కొట్టే చోటు తలుపు దగ్గర ఉండాలి, హీట్ గన్ దానికి దూరంగా ఉండాలి, సిగరెట్ షాపు బయటే ఆగిపోవాలి. దేవుడి పటం ముందు దీపం కూడా స్పాంజ్ షీట్ల పక్కన వద్దు. ఇంటి సోఫాకి వాడే చవక ఫోమ్‌ని బస్సు సీట్లలో కూరడం కూడా ఇలాంటిదే. బండ్ల లోపలి సామానుకి మంట నిరోధక పరీక్షలు ఉంటాయి, సప్లయర్‌ని ఆ సర్టిఫికెట్ అడిగి తీసుకోవాలి. 2025 అక్టోబర్ 24న కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర బస్సు ఎలా తగలబడిందో అందరం చూశాం.

డబ్బు వసూలు సంగతి కూడా చెప్పాలి. కారు ఓనర్ బండి తీసుకునేటప్పుడే ఇచ్చేస్తాడు. ట్రావెల్స్, బోటు ఆపరేటర్లే ‘సీజన్ అయ్యాక చూద్దాం’ అంటారు. మెటీరియల్ డబ్బు ముందే అడ్వాన్స్‌గా తీసుకోకుండా రోల్ కోయకూడదన్నది ఈ లైన్‌లో పాత రూలు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితంగానే చేసుకోవచ్చు. అది ఉంటే 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటి బాకీ ఆపకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. అందుకే వాట్సాప్‌లో అయినా సరే పని, రేటు, తేదీ రాసి పెట్టుకోండి. పని మొదలుపెట్టే ముందు సీటు ఫొటోలు, డ్యాష్‌బోర్డు లైట్ల వీడియో కూడా తీసుకోండి. ‘ఎయిర్‌బ్యాగ్ లైటు మీ దగ్గరే వెలిగింది’ అనే గొడవకి అదొక్కటే జవాబు.

పెట్టుబడికి ముద్రా లోన్లు ఉన్నాయి. శిశు కింద 50 వేల వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మలో 5 శాతం వడ్డీకి ముందు లక్ష, తర్వాత 2 లక్షలు ఇస్తారు. అందులో 18 వృత్తులున్నాయి. బట్టలు కుట్టే దర్జీ ఉన్నాడు, పడవ తయారు చేసేవాళ్లున్నారు, చేపల వల అల్లేవాళ్లున్నారు. సీటు కుట్టే మేస్త్రి పేరు మాత్రం ఆ లిస్టులో విడిగా లేదు.