సంఘం కంప్యూటరుకు బయోస్ మార్పు: ఎప్పుడు అవసరం, ఎలా చేయించాలి

పాల సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు కార్యదర్శులు ఈ మధ్య ఒక మాట తరచుగా అడుగుతున్నారు. "మన కంప్యూటరు పాతబడిందండీ, బయోస్ అప్‌డేట్ చేస్తే బాగుపడుతుందని మెకానిక్కు అంటున్నాడు, చేయించమంటారా?" అని. కొన్నిచోట్ల అడగకుండానే చేయించి వోచరు మాత్రం చూపిస్తున్నారు. పాలు పోసే సభ్యునికి దీనితో పనేమిటి అనుకోవచ్చును. పని ఉన్నది. మీరు పోసిన పాల కొలత, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. అన్నీ ఆ కంప్యూటరులోనే చేరి పక్షం చివర బిల్లుగా బయటికి వస్తున్నవి. అది మధ్యలో మొరాయిస్తే ఊరందరి పాల డబ్బు ఆగుతుంది. కావున ఈ బయోస్ అనేది ఏమిటో, దానిని ఎప్పుడు ముట్టుకోవాలో, ఎప్పుడు ముట్టుకోరాదో సభ్యులు కూడా కొంత తెలుసుకొనియుండటం మంచిది.

ముందుగా ఒక మాట. కొన్ని సంఘాలలో లెక్కలు కట్టి చీటీ ముద్రించే చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. దానికి ఈ వ్యాసం వర్తించదు. దానిని సరఫరా చేసినవారు తప్ప ఇతరులు విప్పరాదు. ఇక్కడ చెప్పేది మామూలు టేబులు కంప్యూటరుకు తూకాన్ని, టెస్టరును తీగలతో తగిలించి వాడుకొంటున్న సంఘాల సంగతి.

తెల్లవారుజామున సంఘం తలుపు తీసే మనిషిని తలచుకోండి. తాళం తీస్తాడు, దీపం వేస్తాడు, తూకం సున్నా చూపుతున్నదో లేదో చూస్తాడు, క్యాన్లు సర్దుతాడు, ఆ తరువాత కార్యదర్శిని పిలుస్తాడు. కంప్యూటరులో బయోస్ చేసే పని అటువంటిదే. స్విచ్ వేయగానే మొదట మేలుకొనేది అదే. మెమరీ ఉన్నదా, కీబోర్డు ఉన్నదా, హార్డ్ డిస్కు పలుకుతున్నదా అని చూసుకొని విండోస్‌ను పిలిచి పెత్తనం దానికి అప్పగిస్తుంది. ఇది హార్డ్ డిస్కులో ఉండదు. మదర్ బోర్డు మీద గోరంత చిప్పులో ఉంటుంది. కొత్త బోర్డులలో దీని స్థానంలో యు.ఇ.ఎఫ్.ఐ. అనే పద్ధతి వచ్చినది గాని, వాడుకలో దానిని కూడా బయోస్ అనే అంటున్నారు.

1981లో ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరు వచ్చిననాడు ఈ చిప్పులో రాసిన దానిని మార్చే వీలు లేదు, మార్చాలంటే చిప్పునే మార్చాలి. 1990ల నుండి ఫ్లాష్ చిప్పులు వాడుకలోకి వచ్చి, చిప్పు విప్పకుండానే అందులోని రాతను చెరిపి కొత్తది రాసే సౌకర్యం కలిగినది. సౌకర్యం వెంట ప్రమాదం కూడా వచ్చినది. 1999 ఏప్రిల్ 26న సి.ఐ.హెచ్. అనే వైరస్ అనేక దేశాలలోని కంప్యూటర్లలో హార్డ్ డిస్కు వివరాలను చెడగొట్టడమే గాక, కొన్ని రకాల బోర్డులలో బయోస్ రాతను కూడా పాడుచేసినది. అటువంటి యంత్రాలకు స్విచ్ వేస్తే తెర మీద ఒక్క అక్షరం కూడా రాలేదు. తలుపు తీసే మనిషే రాకపోతే లోపల ఎన్ని సామాన్లున్నా ఏమి లాభం?

బయోస్ మార్పులో ఉన్న చిక్కు అంతా ఇక్కడే ఉన్నది. కొత్త రాత రాయడానికి పాత రాతను ముందు చెరపాలి. చెరపడం, రాయడం కలిసి రెండు మూడు నిమిషాల పని. ఆ నిమిషాలలో కరెంటు పోయినా, మరొక బోర్డుకు చెందిన ఫైలు రాసినా, పాతదీ లేక కొత్తదీ లేక చిప్పు ఎందుకూ కొరగాకుండా పోతుంది. మిగిలిన ప్రోగ్రాములు పాడైతే మళ్ళీ వేసుకోవచ్చును. ఇది పాడైతే వేసుకోవడానికి కంప్యూటరే లేవదు.

అందుచేత మొదటి ప్రశ్న "ఎలా" అని కాక "ఎందుకు" అని ఉండాలి. నేను చూసినంతలో సంఘాలలో బయోస్ మార్చాలని చెప్పిన సందర్భాలలో ఎక్కువ భాగం దాని అవసరమే లేనివి. అందులో ముఖ్యమైనది తేదీ తప్పడం. ఒక సంఘంలో సభ్యులకు ఇచ్చిన చీటీల మీద ఉన్నట్టుండి 2009 జనవరి 1 అని పడసాగింది. రద్దీలో ఎవరూ గమనించలేదు. రెండు రోజుల పాలు, అనగా నాలుగు పూటలవి, ఆ పాత తేదీ కింద జమ అయినవి. బిల్లు తీసేసరికి అందరికీ నాలుగు పూటల పాలు తక్కువ వచ్చినవి. తగవు మొదలైనది. పాలు పోసిన ఒక పెద్దావిడ చీటీలన్నీ గూటిలో దాచియుంచడం వల్ల అసలు సంగతి బయటపడి, ఆ పూటలను సరైన తేదీలకు మార్చి బిల్లులు మళ్ళీ తీశారు. మెకానిక్కు బయోస్ పోయిందని, మార్చాలని చెప్పియున్నాడు. నిజానికి పోయినది బోర్డు మీది గడియారపు బ్యాటరీ.

రూపాయి బిళ్ళ ఆకారంలో, సి.ఆర్. 2032 అనే పేరుతో దొరికే మూడు వోల్టుల బ్యాటరీ అది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపించేది అదే. పాత బోర్డులలో బయోస్ అమరికలను గుర్తుంచేది కూడా అదే. కొన్నేళ్ళకు అది నీరసిస్తుంది. అప్పుడు తేదీ వెనక్కి పోవడం, స్విచ్ వేయగానే "సీమాస్ చెక్‌సమ్" అన్న మాటతో తెర ఆగి ఎఫ్1 నొక్కమని అడగడం జరుగుతుంది. కంప్యూటరు ఆపి, ప్లగ్గు పూర్తిగా పీకి, కొత్త బ్యాటరీ వేసి, తేదీ, సమయం, అమరికలు సరిచేస్తే సరిపోతుంది. కొద్ది పదుల రూపాయలతో పోయే దానికి బయోస్ జోలికి పోవలసిన పని లేదు. తేదీ తప్పిన కంప్యూటరు ఏ సంఘంలో ఉన్నా ముందు ఈ బ్యాటరీ మార్చి చూడండి.

రెండవ మాట విండోస్ 11 గురించి. విండోస్ 10కు ఉచితంగా ఇచ్చే భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. బయోస్ మారిస్తే పాత కంప్యూటరు కూడా విండోస్ 11కు పనికి వస్తుందని కొందరు చెబుతున్నారు. అది అన్నిటికీ నిజం కాదు. 2018 తరువాతి బోర్డులు కొన్నిటిలో టి.పి.ఎం. అనే భద్రతా సౌకర్యం ఉండి కూడా ఆపివేయబడి ఉంటుంది, దానిని తెరిస్తే చాలును. కోర్ 2 డుయో వంటి పాత ప్రాసెసరున్న బోర్డుకు ఎన్నిసార్లు బయోస్ మార్చినా ఆ అర్హత రాదు. ముసలి గేదెకు ఎంత దాణా పెట్టినా పడ్డ కాదు గదా.

మరి ఎప్పుడు మార్చాలి? పాత ప్రాసెసరు తీసి కొత్తది వేసినప్పుడు బోర్డు దానిని గుర్తించకపోతే, కొత్త డిస్కును గుర్తించకపోతే, లేదా మీకున్న బాధనే పేర్కొని దానిని ఈ ఫైలు సరిచేస్తుందని తయారీదారు స్వయంగా రాసియుంటే మార్చవచ్చును. భద్రతా లోపాలకు ఇచ్చే సవరణలు కూడా తగిన కారణమే. ఈ కారణాలు లేకుండా "కొత్తది వచ్చింది కదా" అని మార్చడం తగదు.

మార్చాలని నిర్ణయించిన తరువాత బోర్డు ఏదో కచ్చితంగా తెలుసుకోవాలి. పెట్టె మీది పేరును నమ్మరాదు. ఊళ్ళలో కూర్చిన కంప్యూటర్లలో పెట్టె ఒకరిది, బోర్డు ఒకరిది. పక్క మూత విప్పితే బోర్డు మీదనే మోడలు పేరు, గిగాబైట్ బోర్డులలో మూల దగ్గర రివిజన్ అంకె అచ్చువేసి ఉంటాయి. ఒకే పేరుతో రివిజన్ 1, రివిజన్ 2 వేరువేరుగా ఉండి, ఒకదాని ఫైలు మరొకదానికి పనికిరాకపోవచ్చును. డెల్, హెచ్.పి. వంటి కంపెనీ కంప్యూటరైతే పెట్టె మీది సర్వీసు నంబరును బట్టి ఆ కంపెనీ వెబ్‌సైటులోనే వెదకాలి. ఫైలు తయారీదారు వద్ద నుండి తప్ప ఇంకెక్కడి నుండీ తీసుకోరాదు.

ఇందులో పాత ఇంటెల్ బోర్డులున్న సంఘాలకు ఒక చిక్కు ఉన్నది. డి.జి.41 ఆర్.క్యూ. వంటి బోర్డులు మన ప్రాంతంలో విరివిగా అమ్ముడుపోయినవి. ఇంటెల్ టేబులు కంప్యూటర్ల బోర్డుల వ్యాపారం నుండి తప్పుకొంటున్నట్లు 2013లో ప్రకటించినది. పాత బోర్డుల బయోస్ ఫైళ్ళను 2019లో తన వెబ్‌సైటు నుండి తొలగించినది. ఇప్పుడు ఎవరైనా ఆ ఫైలు తెచ్చి చూపితే అది ఎక్కడిదని అడగండి. సరైన జవాబు రాకపోతే ఆ బోర్డును ఉన్నది ఉన్నట్లు వాడుకోవడమే మేలు.

తరువాత లెక్కల కాపీ. పాల సేకరణ ప్రోగ్రాములోని వివరాలను రెండు పెన్ డ్రైవులలోకి తీసి, ఒకటి అధ్యక్షుని ఇంట ఉంచాలి. కాపీ తీసినంత మాత్రాన చాలదు, మరొక కంప్యూటరులో తెరిచి ఆఖరి పూట మొత్తం సరిపోతున్నదో లేదో చూడాలి. ఆ పిమ్మట కంప్యూటరు లేచేటప్పుడు డిలీట్ గాని ఎఫ్2 గాని నొక్కి బయోస్ అమరికల పుటలన్నిటినీ సెల్‌ఫోనుతో ఫోటోలు తీయాలి. బయోస్ మారితే అమరికలు చాలావరకు మొదటికి వస్తాయి. మనకు రెండు అమరికలు ముఖ్యం. తూకం, టెస్టరు మాట్లాడే సీరియల్ పోర్టుది ఒకటి. హార్డ్ డిస్కు పద్ధతి ఐ.డి.ఇ.యా, ఎ.హెచ్.సి.ఐ.యా అన్నది రెండవది. ఈ రెండవది మారిపోతే విండోస్ లేవక నీలి తెర వస్తుంది. తెలియనివారు డిస్కు పోయిందనుకొని ఫార్మాట్ చేస్తారు. అంతవరకు భద్రంగా ఉన్న లెక్కలు అప్పుడు నిజంగానే పోతాయి.

పనికి వేళ కూడా చూసుకోవాలి. బిల్లు ముగిసి చెల్లింపులైన మర్నాడు, సాయంత్రం సేకరణ తరువాత మొదలుపెడితే తెల్లవారేవరకు వ్యవధి ఉంటుంది. గాలివాన సూచనలుంటే వాయిదా వేయండి. యు.పి.ఎస్. తప్పనిసరి. పేరుకు యు.పి.ఎస్. ఉండి బ్యాటరీ చచ్చినవి సంఘాలలో చాలా చూస్తున్నాము. అందుచేత ఒకరోజు ముందుగా, లెక్కల కాపీ తీసి ప్రోగ్రాము మూసివేసిన తరువాత, గోడ స్విచ్ ఆపి కంప్యూటరు ఇరవై నిమిషాలు నిలుస్తుందో లేదో పరీక్షించాలి. పాలు చల్లబరిచే కేంద్రంలో జనరేటరున్నది కదా అని భరోసా పడరాదు, అది అందుకొనేలోపు కంప్యూటరు ఆరి వెలుగుతుంది.

రాసే పని విండోస్ నుండి కాక, వీలున్నంతవరకు బోర్డులోనే ఉండే సాధనంతో చేయించాలి. గిగాబైట్‌లో దానిని క్యూ-ఫ్లాష్ అని, ఆసుస్‌లో ఈ.జెడ్. ఫ్లాష్ అని, ఎం.ఎస్.ఐ.లో ఎం-ఫ్లాష్ అని అంటారు. విండోస్ నడుస్తుండగా యాంటీవైరస్సో, మరొకటో అడ్డుపడవచ్చును, బోర్డు సాధనంలో ఆ బెడద లేదు. చిన్న పెన్ డ్రైవును ఫ్యాట్ 32 పద్ధతిలో ఫార్మాట్ చేసి, కుదించిన ఫైలును విప్పి అందులో పెట్టాలి. సాధనంలో పాత బయోస్ కాపీ దాచే వీలుంటే ముందు ఆ పని చేయాలి. ఆ తరువాత రాయమని చెప్పి, చేతులు కట్టుకొని కూర్చోవడమే. మధ్యలో తెర నల్లబడవచ్చు, ఫ్యాను హోరెత్తవచ్చు, దానంతట అదే ఆగి లేవవచ్చు. కంగారుపడి స్విచ్ ఆపినవారే ఎక్కువగా నష్టపోతారు. "రాయడం విఫలమైనది" అని తెర మీద వచ్చినా కంప్యూటరు ఆపకుండా, అదే సాధనంతో మళ్ళీ ప్రయత్నించాలి.

కంప్యూటరు లేచిన తరువాత ఫోటోలు చూసి అమరికలు పెట్టుకోవాలి, తేదీ చూసుకోవాలి. తూకం తెర మీద కనిపించే అంకె, కంప్యూటరులో పడే అంకె ఒకటేనా అని నాలుగైదు తూకాలతో సరిచూడాలి. టెస్టరుకు కూడా అంతే. ఇవి సరిపోయే దాకా మెకానిక్కుకు డబ్బు చెల్లించనవసరం లేదు.

ఒకవేళ తెర రాకపోతే భయపడవద్దు, పాల లెక్కలు చిప్పులో లేవు, డిస్కులో ఉన్నవి. డిస్కును తీసి మరొక కంప్యూటరుకు తగిలించి చదవవచ్చును. గిగాబైట్ బోర్డులు కొన్నిటిలో డ్యుయల్ బయోస్ పేరుతో రెండవ చిప్పు ఉండి, మొదటిది చెడితే తాను అందుకొంటుంది. ఇంటెల్ బోర్డులలో చిన్న జంపరు తీసి పెన్ డ్రైవు నుండి తిరిగి రాయించే ఏర్పాటు ఉన్నది. ఇవేవీ లేనప్పుడు చిప్పును విప్పి ప్రోగ్రామరు యంత్రంతో రాసేవారు పట్టణాలలో దొరుకుతారు. బోర్డు మొత్తం మార్చాలన్న వెంటనే ఒప్పుకోకండి. అందాకా సేకరణ ఆగకుండా ఖాళీ చేతి రిజిస్టరు, కాగితం మీద ముద్రించిన ధరల పట్టిక కౌంటరులో సిద్ధంగా ఉండాలి. చాలా సంఘాలలో ధరల పట్టిక కంప్యూటరులో తప్ప బయట లేదు.

ఈ పని ఖర్చు చిన్నదే అయినా పాలకవర్గం తీర్మానం లేకుండా చేయించరాదు. కారణం, బోర్డు మోడలు, రివిజన్, పాత బయోస్ అంకె, కొత్త అంకె, చేసిన తేదీ, చేసినవారి సంతకం స్టాకు రిజిస్టరులో కంప్యూటరు పద్దు ఎదుట రాయించాలి. బ్యాటరీ మార్చిన తేదీని ఒక కాగితం మీద రాసి పెట్టె లోపలి వైపు అంటించండి.