నలభై అయిదేళ్ల తర్వాత పలికిన లెస్-1

ఏమర్రా, ఇలా దగ్గరికి జరగండి. ఆ టీవీ కాస్త కట్టెయ్యండి. ఇవాళ్టిది చెవితో వినాల్సిన కబురు.

1965 ఫిబ్రవరి 11న అమెరికాలోని కేప్ కెనావరల్ నుంచి టైటాన్ రాకెట్టు మీద ఒక చిన్న ఉపగ్రహం బయల్దేరింది. పేరు లెస్-1. బరువు 31 కిలోలు, అంటే మన బుజ్జిగాడంత! ఎం.ఐ.టి. వారి లింకన్ లాబొరేటరీలో తయారైంది. సైన్యానికి ఆకాశం మీదుగా కబుర్లు ఎలా పంపాలో పరీక్షించి చూడడం దాని పని. ముందుగా 2,800 కిలోమీటర్ల ఎత్తున గుండ్రటి దారిలోకి చేరాలి. అక్కణ్ణించి తనతో తెచ్చుకున్న మోటారు మండించుకుని, ఇంకా చాలా పైకి పోయే కోడిగుడ్డు ఆకారపు దారిలోకి మారాలి. మొదటి మెట్టు ఎక్కింది, రెండోది ఎక్కలేదు. మోటారుని అంటించే తీగల్ని కలపడంలో ఎక్కడో తప్పు జరిగింది. దాంతో చేరిన చోటే ఉండిపోయి, దొర్లుకుంటూ తిరగసాగింది. మే నెలలో వెళ్లిన దాని జోడీ లెస్-2 పెద్ద దారిలోకి చక్కగా చేరింది. మన లెస్-1 మాత్రం 1967లో మూగబోయింది. ఇంక దాని ఊసు ఎవరూ ఎత్తలేదు.

నలభై అయిదేళ్లు గడిచాయి. ఇంగ్లండులో సముద్రం ఒడ్డునున్న కార్న్‌వాల్ ప్రాంతంలో ఒక హామ్ రేడియో ఔత్సాహికుడు 237 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక వింత ధ్వని పట్టుకున్నాడు. మూలుగులాంటి కూత, నాలుగేసి సెకన్లకి ఒకసారి హెచ్చుతూ తగ్గుతూ. 2013 నాటికి అది లెస్-1 అని తేలింది.

ఆ కూతలో పేరు లేదు, ఊరు లేదు. మరి ఫలానాదే అని ఎలా పోల్చుకుంటారు? నాకు అన్నిటికన్నా ముద్దొచ్చే సంగతి ఇదే.

రైలు గేటు దగ్గర నిలబడ్డప్పుడు గుర్తుందా? రైలు మీదికొస్తున్నంతసేపూ కూత సన్నగా, పదునుగా ఉంటుంది. మనల్ని దాటిందా, బొంగురుపోతుంది. డాప్లర్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త 1842లో చెప్పిన సూత్రం అది. గేటుకి ఆనుకుని నిలబడితే ఆ మార్పు ఠక్కున జరిగిపోతుంది. అదే రైలు పొలాలకి అవతల పోతుంటే కూత మెల్లమెల్లగా దిగుతుంది. అంటే కళ్లు మూసుకున్నా సరే, కూత ఎంత త్వరగా దిగిందన్నదాన్ని బట్టి రైలు ఎంత దూరంలో పోయిందో చెప్పొచ్చన్నమాట!

ఉపగ్రహానికీ ఇదే లెక్క. లెస్-1 సెకనుకి ఆరున్నర కిలోమీటర్లకు పైగా పరిగెడుతుంది. 237 మెగాహెర్ట్జ్‌లో మారేది మూడు నాలుగు కిలోహెర్ట్జ్ మాత్రమే, అయినా మంచి రేడియోకి అది చాలు. కూత ఎప్పుడు మొదలైంది, ఏ క్షణాన గబుక్కున దిగింది, ఎప్పుడు ఆగింది అని రాసుకుంటూ పోతే కాగితం మీద ఒక వంపు గీత వస్తుంది. ఆకాశంలో తిరిగే వస్తువులకి జాబితా ఉంది. ఏది ఏ దారిన పోతుందో అందులో అంకెలుంటాయి. ఆ అంకెలతో మన గీత కుదిరిందా, మనిషి దొరికినట్టే. 1957లో స్పుత్నిక్ ఎగిరినప్పుడు జాన్స్ హాప్కిన్స్ అప్లైడ్ ఫిజిక్స్ లాబొరేటరీలో గయర్, వైఫెన్‌బాక్ అనే ఇద్దరు కుర్రాళ్లు దాని బీప్‌లు విని దారి కనిపెట్టింది కూడా ఇలాగే.

"మరి ఎవరు బాగుచేశారు తాతయ్యా?" అంటావు. ఎవరూ లేరమ్మా. బ్యాటరీ పూర్తిగా పాడవడమే మేలు చేసిందని అనుకుంటున్నారు. మేడ మీద నీళ్ల ట్యాంకుకి చిల్లు పడిందనుకో. మోటారు ఎంత తోడినా నీళ్లన్నీ అటే కారిపోతాయి, కుళాయికి చుక్క రాదు. ట్యాంకుకి పోయే గొట్టం ఏనాడో పూడుకుపోతే? నీళ్లు తిన్నగా కుళాయికే వస్తాయి. అలాగే సౌర పలకల కరెంటు చచ్చిన బ్యాటరీలోకి పోకుండా నేరుగా ట్రాన్స్‌మిటర్‌కి అందుతోందన్నమాట. 1974లో ఎగిరిన ఆస్కార్-7 అనే హామ్ ఉపగ్రహం 1981లో ఆగిపోయి, 2002లో ఇలాగే లేచింది.

ఆ మూలుగు ఎందుకంటారా? లెస్-1 దొర్లుతుంటే నాలుగేసి సెకన్లకి దాని ఒంటి నీడ దాని పలకల మీదే పడుతుంది. కరెంటు తగ్గుతుంది, గొంతు దిగుతుంది. ఎండ తగలగానే మళ్లీ లేస్తుంది. బ్యాటరీ లేదు కదా, భూమి నీడలోకి వెళ్తే మాటే ఉండదు.

2,000 కిలోమీటర్ల పైన మొదలయ్యే ఆ మధ్య కక్ష్యలో గాలి రాపిడి దాదాపు ఉండదు. అందుకే అది ఇంకా పడిపోలేదు. ఒక్కో చుట్టుకి 146 నిమిషాలు, రోజుకి దాదాపు పది చుట్లు. ఉత్తరాన మన ధర్మశాల ఉన్న అక్షాంశం దాకా వెళ్లి, కిందికి దిగి, భూమధ్యరేఖ దాటి, దక్షిణాన కూడా అంత దూరమే పోయి తిరిగొస్తుంది. ఆ రాకపోకల్లో కొన్నిసార్లు మన పెంకుటిల్లు మీదుగానే పోతుంది.