సేనాపతి బొజ్జ!

చైనాలో మగవాళ్ల పొట్టకి ఓ ముద్దుపేరుంది... ‘జియాంగ్‌జున్‌ దు’. అంటే సేనాపతి బొజ్జ! కాస్త లావెక్కిన మనిషి ఎదురైతే ‘ఫా ఫు’ అంటారు. భాగ్యం కలిసొచ్చిందన్న భావం ఉంది ఆ మాటలో. మన పెద్దవాళ్లు ‘ఒళ్లు చేశావురా’ అని మురిసిపోతారే, అచ్చం అలాగే.

అందులో వింతేం లేదు. 1959-61 కరువులో కోట్లమందిని పోగొట్టుకున్న దేశమది. తిండిగింజలు కూపన్ల మీదే కొనుక్కోవాల్సిన పద్ధతి 1955లో మొదలై 1993 దాకా సాగింది. అలాంటిచోట పొట్ట పెరిగిందంటే ఇంటి కష్టాలు గట్టెక్కినట్టే. కూపన్లు పోయాయి కానీ ఆ లెక్క మాత్రం చాలామంది మనసుల్లోంచి పోలేదు. మగవాళ్ల విషయంలో మరీను.

2018 నాటి జాతీయ సర్వే ప్రకారం చైనాలో 18-69 ఏళ్ల మధ్య ఊబకాయులు సుమారు ఎనిమిదిన్నర కోట్లు. వాళ్లలో 4.8 కోట్లమంది మగవాళ్లే. అంతకన్నా ఆలోచించాల్సిన సంగతి మరోటి ఉంది. ఆడవాళ్లలో బాగా చదువుకున్నవాళ్లు సన్నగా ఉంటున్నారు. మగవాళ్లలో దానికి పూర్తిగా రివర్సు... చదువు ఎక్కువైనకొద్దీ బరువూ ఎక్కువే!

చదువు కొవ్వు పెంచదు కదా? పెంచదు. దాని వెంట వచ్చేవి పెంచుతాయి. కుర్చీలో ఉద్యోగం, ఇంటిముందు బండి, రాత్రిపూట విందు.

బండి తెచ్చిన బరువు

ఒకప్పుడు చైనా అంటే సైకిళ్ల రాజ్యం. అక్కడ 1989 నుంచి ఆరోగ్యం, ఆహారాల మీద ఓ పెద్ద సర్వే నడిచింది. ఒకసారి అడిగి వదిలేయకుండా అవే కుటుంబాల దగ్గరికి కొన్నేళ్లకోసారి మళ్లీ మళ్లీ వెళ్లడం దాని ప్రత్యేకత. ఆ లెక్కల్ని పరిశీలించిన పరిశోధకులు 2002లో చెప్పిందేమిటంటే- 1989-97 మధ్య నూటికి 14 ఇళ్లలోకి కొత్తగా మోటారుబండి వచ్చింది. ఆ ఇళ్ల మగవాళ్లు మిగతావాళ్లకన్నా సగటున 1.8 కిలోలు ఎక్కువ పెరిగారు. వాళ్లు ఊబకాయులయ్యే అవకాశమూ దాదాపు రెట్టింపు. తిండి సంగతి అలా ఉంచండి, తొక్కడం మానేసినందుకే ఇంత!

తాగకపోతే మర్యాద కాదు

ఇక విందు. చైనాలో వ్యాపారమైనా, ప్రమోషనైనా భోజనబల్ల దగ్గర తేలాల్సిందే. దీనికి ‘యింగ్‌చౌ’ అని పేరు. సరదాకి వెళ్లేది కాదది, ఉద్యోగంలో భాగం. గుండ్రటి బల్ల నిండా వంటకాలు. మధ్యలో ‘బైజియు’ అనే నాటు ఘాటున్న మద్యం. చాలా రకాల్లో ఆల్కహాల్‌ సగానికి పైనే. పెద్దాయన గ్లాసెత్తి ‘గాన్‌బెయ్‌’ అన్నాడా, గ్లాసు ఖాళీ చెయ్యాలి. కొత్తగా చేరిన కుర్రాడు తనే లేచి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి గ్లాసు కలపాలి. ‘నాకొద్దండీ’ అంటే అవతలివాళ్లని చిన్నబుచ్చినట్టు. గ్రాము అన్నంపిండికి నాలుగు కేలరీలైతే, గ్రాము ఆల్కహాల్‌కి ఏడు. ఆ భారమంతా ఎక్కువగా మగవాళ్ల మీదే పడుతుంది.

ప్రభుత్వ సొమ్ముతో జరిగే విందులకి 2012 డిసెంబరులో షీ జిన్‌పింగ్‌ కళ్లెం వేశారు. అధికారిక పనుల భోజనాల్లో మద్యం వడ్డించొద్దని 2025లో నిబంధన కూడా తెచ్చారు. ప్రైవేటు విందుల జోలికి మాత్రం ఈ నిబంధనలు పోవు.

విందులు లేని కుర్రాళ్లేమైనా సుఖపడుతున్నారా? సాఫ్ట్‌వేర్‌ కంపెనీల్లో ‘996’ అని ఓ మాట పుట్టింది. పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా, వారానికి 6 రోజులు! ఇది చట్టవిరుద్ధమని అక్కడి సుప్రీం కోర్టు 2021లో తేల్చింది. రాత్రి పదింటికి ఫోన్లో తెప్పించుకునే నూడుల్సుకి ఏ కోర్టు అడ్డొస్తుంది! ఇంట్లో తిన్నా నూనె తక్కువేం కాదు. రోజుకి 25-30 గ్రాములు చాలంటే 43 గ్రాములు వాడుతున్నారని 2020 నాటి ప్రభుత్వ నివేదిక తేల్చింది.

ఈ బరువు అక్కడివాళ్లకి తొందరగా చేటు చేస్తుంది. అందుకే చాలా దేశాల్లో బీఎంఐ 30 దాటితే ఊబకాయం అంటుంటే చైనా 28కే గీత గీసింది. 170 సెంటీమీటర్ల మనిషి 81 కిలోలకే ఆ గీత దగ్గరికి వచ్చేస్తాడు. మగవాళ్లకి నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు దాటకూడదు. మన మగవాళ్లకీ డాక్టర్లు చెప్పే కొలత ఇదే, ఓసారి టేపు తీయండి! పొట్ట దగ్గరి కొవ్వుకీ మధుమేహానికీ దగ్గరి చుట్టరికం. చైనాలో మధుమేహులు 14 కోట్లకు పైమాటే... ప్రపంచంలో మరే దేశంలోనూ అంతమంది లేరు.

2024లో ప్రభుత్వం బరువు తగ్గించే మూడేళ్ల ఉద్యమం మొదలెట్టింది. ఆస్పత్రుల్లో అందుకోసం ప్రత్యేక క్లినిక్కులు తెరుస్తున్నారు. ఖర్చులేని మందు వీధిలోనే ఉంది. సాయంత్రమైతే పార్కుల్లో, కూడళ్లలో స్పీకర్లు పెట్టుకుని గుంపులుగా డాన్సు చేస్తారు. కాకపోతే ఆ వరసల్లో ఎక్కువగా కనిపించేది మధ్యవయసు దాటిన ఆడవాళ్లే. మగవాళ్లలో చాలామంది ఆ పక్కనే చెట్టు కింద, చదరంగం బల్ల చుట్టూ కూర్చుని ఉంటారు.